అంతర్జాలమున గ్రంథప్రతిబింబముల నిర్వహణము

తాళపత్రగ్రంథములను బరిశోధించినవారికి దారము తెగిన కట్ట యెట్టి కష్టమును దెచ్చునో విశదమే. ఆకుల నడుమనున్న రంధ్రములలో దారము గ్రుచ్చి, పైని క్రిందను బలకలు వైచి కట్టియున్నంతవఱకే యది గ్రంథము. దారము తెగి యాకులు చెదరినచో అంచున వేసిన అంకెలను బట్టి వానిని మరలఁ గూర్పవలయును. ఆ అంకెలును జెదలపాలైనచోఁ గథాసందర్భమును బట్టి వెదకికొనవలసినదే. ఆశ్వాసాంతగద్యము పోయెనేని కవి యెవఁడో తెలియదు. లేఖకుఁడు కడపట వ్రాసిన సంవత్సరమాసతిథులు పోయెనేని ఆ ప్రతి యేనాఁటిదో తెలియదు. అచ్చుపుస్తకములకుఁ బ్రతిబింబములు తీసి అంతర్జాలమునఁ జేర్చుచున్న యీ కాలమునను సరిగా నీ కష్టములే వేఱు రూపమున వచ్చియున్నవి. ప్రతిబింబములకుఁ జెదలు లేవు గాని, వానిని గూర్చిన దారమును, వానికిఁ జేర్పవలసిన గద్యమును మనుష్యుల యజాగ్రత్తచేఁ బోవుచున్నవి.

వెబ్‌సైటులను నిర్మించి నడపుటకు నేఁడు విరివిగా వాడఁబడు సాధనమునకు ఆంగ్లమునఁ గంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు; తెలుఁగున విషయనిర్వాహకతంత్ర మనవచ్చును. 2003వ సంవత్సరమున వెలువడిన వర్డ్‌ప్రెస్ అట్టి తంత్రము. వికీపీడియాకును, ప్రాఁతగ్రంథముల భాండాగారమైన వికీసోర్సునకును ఆధారమైన మీడియావికీయు నీ జాతిలోనిదే. ఇట్టివానియందుఁ జదువరి కంటఁబడు పుట యొక్క వస్తువు కాదు. దానిలోని మాటలు డేటాబేసు అను పట్టికలలో నుండును. బొమ్మలు, పీడీయఫ్ గ్రంథములు మొదలగు ఫైళ్లు వేఱొక చోట నుండును. పుటను వ్రాసినవాఁ డందు బొమ్మను బెట్టఁడు. బొమ్మపేరును మాత్రమే వ్రాయును. చదువరి పుటను దెఱచినపుడు తంత్రము ఆ పేరును బట్టి బొమ్మను వెదకి, తగిన పరిమాణమునకుఁ దగ్గించి, యచ్చటఁ జూపును. ఒకే బొమ్మ నూఱు పుటలలోఁ గనఁబడినను నిలువయున్నది యొక్కటియే. ఆ యొక్కదానిని సవరించినచో నూఱుచోట్లను సవరింపఁబడును. ఆ యొక్కటి పోయినచో నూఱుచోట్లను బోవును.

కావున నీ తంత్రములయందు ఫైలుపేరు పెట్టెపై నంటించిన చీటివంటిది కాదు. మీడియావికీయందు ఫైలుయొక్క నివాసమును గూడ నా పేరే నిర్ణయించును. పేరులోని యక్షరములను ఎమ్‌డీ5 అను గణితప్రక్రియకు లోఁబఱచి 32 సంకేతముల వరుసను రాఁబట్టుదురు. అందు మొదటి సంకేతమును బట్టి 16 అఱలలో నొకటియు, మొదటి రెండింటిని బట్టి దానిలోపలి 16 చిన్న యఱలలో నొకటియు నేర్పడును. ఇట్లు మొత్తము 256 చిన్న యఱలు. కావ్యము లొకచోటను, శాస్త్రగ్రంథము లొకచోటను నుంచుట యలవాటైన గ్రంథాలయాధికారి కిది వింతగాఁ దోఁచును. ఏ యఱలోనైనను ఫైళ్లు మితిమీఱి పేరుకొనకుండుటయే దీని ప్రయోజనము. విషయవిభాగము నాశించువాఁడు వేఱుగా వర్గములను గల్పించుకొనవలయును. పేరులో నొక్క కొమ్ము మాఱినను గణితఫలము మాఱును. ఫైలు మఱియొక యఱకుఁ జేరును.

తెలుఁగు పేరులయందు రెండు చిక్కులు గలవు. మొదటిది పొడవు. మీడియావికీయందు ఫైలుపేరు 240 బైట్లకు మించరాదు. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. 1991వ సంవత్సరమున వెలువడిన మొదటి యూనికోడునందే తెలుఁగునకు స్థానము లభించినది గాని, ప్రస్తుతము వాడుకలోనున్న యుటీయఫ్-8 పద్ధతిని దెలుఁగు సంకేత మొక్కొక్కటికి 3 బైట్లు పట్టును. అనఁగా 80 సంకేతములకు మించి తెలుఁగు పేరు సాగదు. ఇచ్చట సంకేతమనఁగా వ్యాకరణోక్తమైన యక్షరము కాదు. స్త్రీ అనునది కంటి కొక్క యక్షరమే యైనను, సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని యాఱు సంకేతములు; దానికిఁ బట్టునవి 18 బైట్లు. ముఖపత్రముమీఁది "శ్రీమత్" మొదలుకొని "సవ్యాఖ్యానము", "సపీఠికము" వఱకుఁ గల బిరుదములన్నియు నెక్కింపఁ బూనినచో నడుమనే త్రోవ మూసికొనును. గ్రంథనామము, కర్త, ముద్రణవత్సరము — ఇంతవఱకు ఫైలుపేరున నుంచి తక్కినదానిని వివరణపుటలో వ్రాయుట యుచితము.

రెండవ చిక్కు కంటికిఁ గనఁబడనిది. పొల్లు గల హల్లునకుఁ దరువాతి హల్లు వత్తుగా నంటకుండుటకై తెలుఁగు వ్రాఁతలో నొక యదృశ్యసంకేతమును జేర్తురు. వికీసోర్స్‌లో అని వ్రాయునపుడు సకారలకారములు సంయుక్తము గాకుండుట దీనివలననే. అట్టి పదమునుండి ముందుభాగమును మాత్రము తీసి పేరుగాఁ బెట్టినపుడు చివరి పొల్లునకుఁ దరువాత నా సంకేతము తగిలికొని వచ్చుట కలదు. అపుడు రెండు పేరులు చూపున కభిన్నములు, యంత్రమునకు భిన్నములు. ఒకఁడు ఫైలును జేర్చితి ననును. మఱియొకఁడు పేరు వ్రాసి చూచి లేదనును. ఇరువురును సత్యమే పలుకుదురు. పేరు చివరి తోఁక విషయమునను నిట్టి భేదమే కలదు: జేపీజీ అను తోఁకను ఆంగ్లపుఁ బెద్దయక్షరములతో వ్రాసిన నొక పేరు, చిన్నయక్షరములతో వ్రాసిన మఱియొక పేరు.

పేరుపట్ల నజాగ్రత్త యెంతదూరము పోఁగలదో చూపుటకు భారత డిజిటల్ గ్రంథాలయము తగిన నిదర్శనము. చిత్తూరు జిల్లాలోని కాటూరునఁ బుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నాచార్యుఁడై, 1994వ సంవత్సరమునఁ ట్యూరింగు పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు మొదలగువారి పూనికచేఁ బది లక్షల పుస్తకముల ప్రతిబింబములు తీయు నుద్యమము ఆరంభమయ్యెను. దానికి భారతదేశశాఖగా నీ గ్రంథాలయము పుట్టినది. వేలకొలఁది తెలుఁగు గ్రంథములు దీనివలన నుద్ధరింపఁబడినవి; ఆ మేలు చిన్నది కాదు. కాని గ్రంథనామములు రోమను లిపిలో నిలుకడ లేని పద్ధతిని వ్రాయఁబడుటచే హ్రస్వదీర్ఘములును, టకారతకారములును గలసిపోయినవి. కొన్నిటియందుఁ గర్తపేరు స్థానమునఁ బీఠికాకారుని పేరును, ముద్రణవత్సరమునకు బదులు మఱియేదో యంకెయుఁ జేరినవి. తరువాత నా గ్రంథాలయపు మూలస్థానము చదువరులకు నందుబాటు గాకపోయెను. అందలి ఫైళ్ల ప్రతులు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునకుఁ జేరి నిలిచినవి. అచ్చట నవి గ్రంథాలయసంక్షిప్తనామమును వరుససంఖ్యయుఁ గల పేరులతో నున్నవి. గ్రంథము వెదకువాఁ డిపు డొక్కొక్క నామమునకు నాలుగైదు విధముల వికృతరూపముల నూహించి చూడవలసియున్నది. పుస్తక మచ్చటనే యున్నను దొరకదు.

పేరునకుఁ దరువాతిది వివరణము. మీడియావికీయం దొక్కొక్క ఫైలునకు నొక ప్రత్యేకమైన పుట యుండును. తెలుఁగు వికీలలో దానికి "దస్త్రం" అను పూర్వపదము చేరియుండును. ఇదియే గద్యమువంటిదని మొదటఁ జెప్పినది. వస్తువేదియో, కర్త యెవఁడో, ఏనాఁటిదో, ఎచ్చటనుండి వచ్చినదో, ఏ యనుమతిచే నిచ్చట నున్నదో యిందు వ్రాయవలయును. వీనిలోఁ దఱచుగాఁ దప్పునవి కాలమును గర్తయు. 1906వ సంవత్సరమున నచ్చయిన పుస్తకమును 2014లో స్కాను చేసినచోఁ గాలమునకు స్కాను చేసిన దినమును వ్రాయువారు గలరు. కర్తస్థానమున స్కాను చేసినవారి పేరే వ్రాయువారును గలరు. లేఖకునే కవిగా భ్రమించిన ప్రాఁతపట్టికలను జూచిన పండితుల కిది క్రొత్త గాదు. ముఖపత్రమున శాలివాహనశకము గాని, ప్రభవాది సంవత్సరనామము గాని మాత్రమే యున్నచో దాని నున్నదున్నట్లు వ్రాసి, ప్రక్కను గ్రీస్తుశకమును జేర్చుట మేలు. సంవత్సరనామము 60 ఏండ్ల కొకసారి మరల వచ్చును గనుక నది యొక్కటియే చాలదు.

అనుమతినిఁ గూర్చియుఁ గొంత చెప్పవలసియున్నది. 1957వ సంవత్సరపు భారతీయ కాపీరైటు చట్టము 1992లో సవరింపఁబడిన పిమ్మట, గ్రంథకర్త గతించిన యేఁటికి మఱుసటి యేఁటి మొదలు 60 ఏండ్లు అతని వారసుల హక్కు నిలుచును. 1915లో గతించిన గురజాడ అప్పారావుగారి రచనలకును, 1919లో గతించిన వీరేశలింగము పంతులుగారి రచనలకును దీనివలన నడ్డంకి లేదు. కాని పుస్తకమునకును రచనకును భేదము గలదు. ప్రాచీనకవి కావ్యమునకు నిన్నమొన్నటి పండితుఁడు వ్రాసిన పీఠికకు నా పండితుఁడే కర్త, టీకకు టీకాకారుఁడు, నడుమనున్న ఛాయాచిత్రమునకు దానిని దీసినవాఁడు. "కవి యెనిమిదివందల యేండ్లనాఁటివాఁడు గదా" యని మొత్తము పుస్తకము నెక్కించుటయు, పిదపఁ బీఠికాకారుని మరణవత్సరము బయటపడి యది తొలఁగింపఁబడుటయు సంభవించును. వికీల కన్నిటికిని ఉమ్మడి భాండాగారముగా 2004వ సంవత్సరమున నేర్పడిన కామన్సునందు, గ్రంథము పుట్టిన దేశపుఁ జట్టమునకును, అమెరికా చట్టమునకును గూడ సరిపడవలయునను నియమము గలదు. ఈ భాండాగారమున నిపుడు పది కోట్లకు మించి ఫైళ్లున్నవి. అందు తెలుఁగు పుస్తకమును బరీక్షించువాఁడు తెలుఁగు చదువఁగలవాఁడే కానక్కఱలేదు. వివరణమున వ్రాసినదే యతనికిఁ బ్రమాణము. కావునఁ గర్తయొక్క మరణవత్సరమును తెలుఁగునందే గాక యాంగ్లమునను జేర్చుట వ్యర్థశ్రమ గాదు.

ఇఁక దారము మాట. తెలుఁగు వికీసోర్సు 2005వ సంవత్సరమున నారంభమైనది. అందు గ్రంథము ప్రవేశించు క్రమ మిది. మొదట పుస్తకము మొత్తమును ఒక పీడీయఫ్ గాని డీజావూ గాని యగు ఫైలుగా నెక్కింతురు. పిదప నా ఫైలుపేరుతోనే "సూచిక" యను పుటను గల్పింతురు. అందుఁ బుస్తకపుఁ బుటలన్నిటికి వరుసగా నంకె లేర్పడును. ఒక్కొక్క యంకెను దాఁకినచో "పుట" యను పూర్వపదము, ఫైలుపేరు, గీఁటు, ప్రతిబింబపు వరుససంఖ్య — ఇవి కలిసిన పేరుతో నొక పుట తెఱచుకొనును. ఒకప్రక్క నచ్చుపుటయొక్క ప్రతిబింబము, ఒకప్రక్క దాని పాఠము. యంత్రము ప్రతిబింబమును జదివి యిచ్చిన పాఠమును మనుష్యుఁడు సరిచూచి దిద్దును. దిద్దని పుటకు నెఱుపు, ఒకరు దిద్దినదానికిఁ బసుపు, మఱియొకరు సరిచూచినదానికి నాకుపచ్చ గుఱుతుగా నుండును. దిద్దినవాఁడే తన పుటకు నాకుపచ్చ వేసికొనుటకుఁ దంత్ర మంగీకరింపదు. అచ్చుచిత్తులు దిద్దినవారందఱు నీ నియమమును మెచ్చుకొందురు.

ఇందు గమనింపవలసినది యేమనఁగా, పాఠమును ప్రతిబింబముతో ముడివేయునవి ఫైలుపేరును వరుససంఖ్యయు మాత్రమే. ఫైలులో నేమున్నదో తంత్రమునకుఁ దెలియదు. 300 ప్రతిబింబముల ఫైలున్నదనియు, సగము గ్రంథము పచ్చగుఱుతు నందిన పిమ్మట 112వ ప్రతిబింబమునకుఁ దరువాత రెండు పుటలు స్కానులో జాఱిపోయిన వని తెలిసినదనియు ననుకొందము. ఉత్సాహవంతుఁ డొకఁడు వేఱొక ప్రతినుండి యా రెండు పుటలను దెచ్చి, నడుమఁ జేర్చి, యదే పేరున ఫైలును మరల నెక్కించును. అతఁడు చేసినది గ్రంథమునకు మేలే. కాని యాక్షణముననే 113 మొదలు కడవఱకు నొక్కొక్క పాఠమును దనది కాని ప్రతిబింబము ప్రక్క నిలుచును. పచ్చగుఱుతులు చెక్కుచెదరవు. క్రొత్తగా వచ్చిన చదువరి పాఠమును బ్రతిబింబముతోఁ బోల్చి, పూర్వులు నిద్రపోయిరని తలఁచి, పాఠమునే తుడిచి తిరుగ వ్రాయఁ బూనవచ్చును. దీనికిఁ జికిత్స యొక్కటే: పాఠపుటల నన్నిటిని రెండేసి స్థానములు ముందుకు జరుపవలయును. అదియుఁ గడపటినుండి మొదలిడవలయును. 300వ దానిని 302కును, 299వ దానిని 301కిని జరుపుచు వెనుకకు రావలయును. ముందునుండి జరిపినచో నిండియున్న స్థానమునకే మఱియొకటి పోయి తగులును.

ఇంతకంటె లోఁతైన ప్రమాదము ముద్రణముల తాఱుమాఱు. మొదటి కూర్పు స్కాను మసకగా నున్నదని రెండవ కూర్పు స్కానును అదే పేరున నెక్కించినచోఁ బుటలసంఖ్య సరిపోయినను గ్రంథము మాఱినది. మొదటి కూర్పును జూచి దిద్దిన పాఠము రెండవ కూర్పు ప్రక్క నిలుచును. కవి సంస్కరించుకొన్న తావులన్నియు దిద్దినవాని తప్పులుగాఁ గనఁబడును. సి. పి. బ్రౌను (1798–1884) ఒక్కొక్క కావ్యమునకుఁ బలుతావుల ప్రతులను దెప్పించి పండితులచేఁ బోల్పించెను. ఏ పాఠ మే ప్రతిలోనిదో తెలిసియున్నఁగదా యా పోలికకు విలువ! ఇట్టి రెండు కూర్పులకు రెండు పేరులు, రెండు సూచికలు నుండవలయును. అదృష్టవశమున మీడియావికీ ప్రాఁత ఫైలును బాఱవేయదు. ఒక పేరున నెన్ని మాఱు లెక్కించినను, ఎక్కించినవాఁడు, దినము, గంట మొదలగు వివరములతో వెనుకటి రూపములన్నియు "దస్త్రం" పుట క్రింద వరుసగా నుండును. తప్పు జరిగినచో వెనుకటి రూపమును మరలఁ బైకిఁ దేవచ్చును. ఆ ఫైలు ఏయే పుటలలో వాడఁబడినదో చూపు పట్టికయు నచ్చటనే యుండును. తొలఁగించుటకో మార్చుటకో ముందు దానిని జూచుట యొక్క నిమిషపు పని.

ఫైలు లోపలి విషయముతో మీడియావికీ చూచునది యొకటి కలదు: ఎస్‌హెచ్‌ఏ-1 అను వేఱొక గణితప్రక్రియచేత అక్షరమక్షరముగా నభిన్నమైన ఫైలు పూర్వమే యున్నచో హెచ్చరించును. అదే పుస్తకమును వేఱొక యంత్రముమీఁద స్కాను చేసినచో నిది కనిపెట్టలేదు. ఆ పని వివరణముయొక్క పని.

పుస్తకములలోని బొమ్మలనుగూర్చి స్వల్పముగాఁ జెప్పిన చాలును. పుటనుండి బొమ్మను గత్తిరించి వేఱు ఫైలుగాఁ జేర్చునపు డది యే ఫైలులో నెన్నవ ప్రతిబింబమునుండి తీయఁబడినదో వ్రాయవలయును. పరిమాణమును ముందుగాఁ దగ్గింపరాదు. పెద్దది యున్నచోఁ జిన్నదానిని దంత్రమే చేసికొనును, చిన్నదానినుండి పెద్దది రాదు. రేఖాచిత్రములకుఁ బీఎన్‌జీయు, ఛాయాచిత్రములకు జేపీజీయుఁ దగియుండును. జేపీజీ ఫైలును దిద్ది దాఁచిన ప్రతిమాఱును గొంత సూక్ష్మాంశము నశించును గనుక మూలప్రతి నొకదానిని ముట్టక యుంచవలయును.

సాహిత్యసమాజములు తమ పత్రికల ప్రాఁతసంచికలను స్వంతముగాఁ బ్రకటింపఁ దలఁచినపుడు సామాన్యముగా నెన్నుకొనునది వర్డ్‌ప్రెస్. అది సులభము, కాని దాని స్వభావము వేఱు. అది ఫైళ్లను నెక్కించిన సంవత్సరమును, మాసమును బట్టి యఱలలో నుంచును. 1912 నాఁటి సంచికయు, నిన్నటి సభ ఛాయాచిత్రమును నొకేనాఁ డెక్కించినచో నొకేచోటఁ బడియుండును. అదే పేరున మఱియొక ఫైలు నెక్కించినచోఁ బ్రాఁతది మాఱదు; క్రొత్తదానిపేరు చివర 1 అను నంకె చేరును. పుటలు మాత్రము ప్రాఁతదానినే చూపుచుండును. తొలఁగించిన ఫైలునకు, ప్రత్యేకముగా నేర్పాటు చేసికొన్ననే తప్ప, పునర్జన్మము లేదు. అన్నిటికంటె ముఖ్యము: పుటలోఁ జేర్చిన బొమ్మకు వెబ్‌సైటు పేరుతోఁగూడిన పూర్తి చిరునామా వ్రాయఁబడును. సమాజము కొన్నేండ్లకు సైటుపేరు మార్చుకొని, లోపలి చిరునామాలను మార్పకుండినచో, వ్యాసములు నిలిచి బొమ్మలన్నియుఁ బోవును. ఫైళ్లు యంత్రమున నుండియు నుండనట్లే. పేరు మార్చుదినమున డేటాబేసు నంతటిని వెదకి ప్రాఁత చిరునామాను గ్రొత్తదానితో మార్చుట యీ తంత్రమున నిత్యవిధియని యెఱుఁగవలయును.

డిజిటల్ గ్రంథాలయపు ఫైలు నొకదానిని వికీసోర్సునకుఁ దేఁదలఁచినవాఁడు చేయవలసిన మొదటి పని యెక్కించుట కాదు, చదువుట. ముఖపత్రమును దెఱచి, అంకెల పేరు వెనుక నున్న గ్రంథ మేదియో, ఎన్నవ కూర్పో, పీఠిక యెవరిదో గుర్తింపవలయును. పిదప మొదటినుండి కడవఱకుఁ బుటలసంఖ్యలను వరుసగాఁ జూడవలయును. లోపించిన పుటలు, రెండుమాఱులు పడిన పుటలు, తలక్రిందులైనవి అప్పుడే బయటపడును. లోపించినవాని స్థానమున మఱియొక ప్రతి దొరకువఱకు ఖాళీపుట నొక్కొక్కటి చేర్చియుంచినచో, దొరికిననాఁడు వరుససంఖ్య చెడకుండ దానిని మార్చుకొనవచ్చును. మూడువందల పుటల పుస్తకమున కీ పరీక్ష యొక పూఁటపని. సూచికను గల్పింపకముందు పేరు మార్చుటయు నొక్క మార్పుతోఁ దీరును. కల్పించి పాఠము దిద్దిన పిమ్మట నెన్ని పుటలున్న నన్ని పేరులును మార్పవలయును.